పాత పీస్ తెచ్చారా సార్?

రాణిగంజ్‌లో ఏ స్పేర్ పార్ట్స్ షాపుకెళ్ళి ఏమడిగినా కౌంటర్ వెనకాల ఉన్నాయన ముందు అడిగే ప్రశ్న ఒక్కటే. "పాత పీస్ తెచ్చారా సార్?" తెచ్చామంటే చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూస్తాడు. లోపలికెళ్ళి అలాంటిదే ఇంకోటి పట్టుకొస్తాడు. రెండూ పక్కపక్కన పెట్టి "సేమ్ టు సేమ్" అంటాడు. మనం డబ్బులిచ్చి వచ్చేస్తాం. ఇందులో తప్పేముంది? మొన్నమొన్నటిదాకా నేనూ ఏమీ లేదనే అనుకున్నాను. ఇప్పుడు మాత్రం, కనీసం స్టీరింగ్ విషయంలో, మనవాళ్ళు చేసే అతి పెద్ద పొరపాటు ఈ ప్రశ్నతోనే మొదలవుతుందని నా గట్టి అభిప్రాయం. ఎందుకో చెప్తాను. కాస్త పెద్ద కథ, ఓపిక పట్టండి.

మా పెదనాన్న సినిమా ఎడిటింగ్ శాఖలో పనిచేశారు. తెర మీద పేరు ఎప్పుడూ చివరి వరసలో, చిన్న అక్షరాల్లో పడే రకం. మద్రాసులో ఉన్నప్పుడు 1971లో ఒక సెకండ్ హ్యాండ్ ఫియట్ కొన్నారు. 1965 మోడల్, ఫియట్ 1100 డిలైట్. తెలుగు సినిమా కొంచెం కొంచెంగా హైదరాబాదుకి తరలివస్తున్న రోజుల్లో ఆయనా వచ్చేశారు. అన్నపూర్ణ స్టూడియోస్ 1976లో మొదలైనప్పుడు ఆ చుట్టుపక్కల బండలూ, ముళ్ళచెట్లూ తప్ప ఏమీ ఉండేవి కావట. తర్వాత కొన్నేళ్ళకి బంజారా హిల్స్ రోడ్ నంబర్ 12 దగ్గర ఒక చిన్న ఇల్లు కట్టుకున్నారు. ఆ ఇంటి వెనక రేకుల షెడ్డులో ఈ ఫియటు దాదాపు ఇరవై ఏళ్ళు కదలకుండా ఉండిపోయింది. నాలుగేళ్ళ క్రితం పెదనాన్న పోయారు. కర్మకాండలన్నీ అయ్యాక పెద్దమ్మ నన్ను పిలిచి, "ఒరే, పాత సామాన్లవాడు రోజూ గేటు దగ్గర తచ్చాడుతున్నాడు. అమ్మాలంటే నాకు మనసొప్పట్లేదు. నువ్వు తీసుకుపో, లేదా ఇక్కడే ఉంచి నడిచేట్టు చెయ్యి. ఒక్కసారి అందులో కూచుని పెద్దమ్మ గుడికి వెళ్ళొస్తే చాలు" అంది.

పెద్దమ్మ అడిగాక కాదనలేను. పైగా వారమంతా జావా, శని ఆదివారాలు కూడా స్క్రీను చూసుకుంటూ కూచునే మనలాంటి వాళ్ళకి చేతికి గ్రీజు అంటే పని ఒకటుంటే బాగుంటుందనిపించింది. అలా మొదలైంది.

ముందు అందరూ చేసేదే నేనూ చేశాను. రంగు, క్రోమ్, సీట్లు, ఇంజను. పాత ఫొటో చూసి అదే లేత నీలం కలిపించాను. బంపర్లు ప్లేటింగ్ చేయించాను. 1089 సీసీ ఇంజను విప్పి బోరింగ్ చేయించాను. వచ్చినవాళ్ళంతా "అబ్బ, హీరోయిన్‌లా ఉంది" అనేవారు. స్టీరింగ్ సంగతి? "కొంచెం ఢీలాగా ఉంది సాబ్, ఐడ్లర్ ఆర్మ్ మార్చేస్తే ఐపోతుంది" అన్నాడు మా ఉస్తాద్. పాత ఆర్మ్ విప్పి చేతికిచ్చాడు. నేను దాన్ని సంచీలో వేసుకుని షాపుకెళ్ళాను. "పాత పీస్ తెచ్చారా సార్?" "తెచ్చాను." సేమ్ టు సేమ్. బాల్ జాయింట్లు కూడా ఎలాగూ అరిగాయి కదా అని, ఫియట్‌వే అని చెప్పి కొత్త సెట్టు కొన్నాను.

తర్వాత ఒక ఆదివారం పొద్దున్న రోడ్ నంబర్ 12 మీద దిగుతున్నాం. నేను, పక్కన నా ఎనిమిదేళ్ళ కొడుకు. ఆ ఏటవాలు మీకు తెలిసే ఉంటుంది. మలుపు తిరిగి స్టీరింగ్ నిటారు చేస్తున్నాను, కింద "టక్" మని ఒక చప్పుడు. ఆ తర్వాత చక్రం చేతిలో పావు వంతు తిరిగింది గానీ బండి మాత్రం తిరగలేదు. ఇంకొంచెం తిప్పితే అప్పుడు ఒక్కసారిగా తిరిగింది. ముందు ఒక ఆటో. బ్రేకు, హ్యాండ్ బ్రేకు రెండూ వేశాను. ఆటోకి జానెడు దూరంలో ఆగింది. వాడికి బహుశా ఏమీ తెలియలేదు, వెళ్ళిపోయాడు. మావాడు "నాన్నా మళ్ళీ ఒకసారి అలా చెయ్యవా" అన్నాడు. నాకు మాత్రం కాళ్ళు వణికాయి.

బండిని తాడు కట్టి వెనక్కి లాక్కెళ్ళాం. విప్పి చూస్తే, బాల్ పిన్ కూచున్న ఆర్మ్ రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో అరిగిపోయింది. వేసి నెల కాలేదు. కాసల్ నట్టుకి స్ప్లిట్ పిన్ ఉండబట్టి ఊడి కింద పడలేదు, అంతే. అది కూడా లేకపోతే ఇప్పుడీ కబుర్లు చెప్పడానికి నేనుండేవాణ్ణి కాదేమో.

ఇక్కడ మా ఉస్తాద్‌నో, షాపువాణ్ణో తిట్టి ఊరుకోవచ్చు. మొదట అదే చేశాను కూడా. తర్వాత నా తెలివితేటల మీద నాకున్న నమ్మకంతో ఇంకో తప్పు చేశాను. "ఈ లోకల్ సరుకు నమ్మకూడదు, అసలుదే తెప్పిస్తా" అని రెండు రాత్రులు ఇంటర్నెట్టంతా గాలించాను. యూరప్ నుంచి ఫియట్ 1100 డి స్టీరింగ్ బాక్సు, లింకేజీతో సహా తెప్పించాను. రవాణా, కస్టమ్స్ కలిపి ఎంతయిందో ఇంట్లో ఇప్పటికీ సగమే చెప్పాను. పెట్టె తెరిచిన ఉస్తాద్ ఒక్క క్షణం చూసి నవ్వాడు. "సాబ్, ఇది ఉల్టా బండిది."

ఇటలీలో స్టీరింగ్ ఎడమవైపు. మనకి కుడివైపు. ఇది ఒకటో తరగతి పిల్లాడికి కూడా తెలుసు. నాకు ఆ రెండు రాత్రులు తట్టలేదు. లెఫ్ట్ హ్యాండ్ బాక్సు రైట్ హ్యాండ్ బాక్సుకి అద్దంలో ప్రతిబింబం లాంటిది. బోల్టులు పడే చెవులు ఎదురువైపు ఉంటాయి. "పోనీ తిరగేసి బిగిస్తేనో?" అని అడిగాను. "అప్పుడు మీరు కుడికి తిప్పితే చక్రాలు ఎడమకి పోతాయి సాబ్" అన్నాడు. కాగితం మీద బొమ్మ గీసుకుని చూస్తే నిజమే. బాక్సుని కాలమ్ చుట్టూ సగం తిప్పితే ఆర్మ్ కదిలే దిక్కు తారుమారవుతుంది. డిగ్రీ చదువుకున్న నేను రెండు రాత్రుల్లో చూడనిది, ఆయన రెండు సెకన్లలో చూశాడు. ఆ రోజు నుంచి ఆయన్ని తిట్టడం మానేశాను.

ఇంతకీ అసలు తప్పు ఎక్కడ జరిగింది? ఇది బయటపడింది అనుకోని చోట. పెదనాన్నకి ఒక నోటు పుస్తకం ఉండేది. పెట్రోలు ఎప్పుడు పోయించాడు, టైరు ఎప్పుడు మార్చాడు, అన్నీ రాసుకునేవారు. ఎడిటింగ్ చేసే మనిషి కదా, షాట్ల లెక్క రాసుకునే అలవాటు బండికీ అంటుకుంది. పెద్దమ్మ బీరువాలోంచి తీసి ఇచ్చింది. తిరగేస్తుంటే 1984లో ఒక పేజీలో ఉంది: ఐడ్లర్ ఆర్మ్ పోయింది, దొరకలేదు, ఏదో వేరే బండిది వేశాడు, ప్రస్తుతానికి నడుస్తుంది, తర్వాత మార్చాలి అని.

అదండీ సంగతి. "ప్రస్తుతానికి" అన్నది నలభై ఏళ్ళు నడిచింది. మన కోడ్‌లో ఎక్కడో ఒక మూల "టుడూ, తర్వాత సరిచెయ్యాలి" అని రాసి వెళ్ళిపోయిన మహానుభావులందరూ ఒక్కసారి గుర్తొచ్చారు. తాత్కాలికంగా చేసిన మరమ్మత్తంత శాశ్వతమైనది లోకంలో ఇంకోటి లేదు.

అంటే నేను షాపుకి తీసుకెళ్ళిన పాత పీసే తప్పు పీసు! దానికి అచ్చంగా సరిపోయే కొత్త తప్పు పీసుని డబ్బులిచ్చి కొనుక్కొచ్చాను. షాపువాడు నన్ను మోసం చెయ్యలేదు. నేను అడిగింది వాడు ఇచ్చాడు. స్పెసిఫికేషనే తప్పయితే డెవలపర్ ఏం చేస్తాడు? "పాత పీస్ తెచ్చారా" అన్న ప్రశ్నలో ఒక నమ్మకం దాక్కుని ఉంది. బండిలో ఇప్పుడున్నది ఫ్యాక్టరీ పెట్టినదే అన్న నమ్మకం. యాభై అరవై ఏళ్ళ బండి విషయంలో ఆ నమ్మకానికి ఆధారమే లేదు. ఎన్ని చేతులు మారిందో, ఎన్ని ఊళ్ళలో ఎంతమంది "చలేగా" అన్నారో ఎవరికి తెలుసు?

మరి పాత పీసుని నమ్మకూడదంటే దేన్ని నమ్మాలి? నేను కింద పడి, మోచేతులు దోక్కుని నేర్చుకున్నవి చెప్తాను. ఇవి ఫియట్‌కే కాదు, ఏ పాత బండికైనా పనికొస్తాయి.

మొదటిది, బండి వంశవృక్షం తెలుసుకోవాలి. మన దేశంలో బండ్లకి పేర్లు మారాయి, లోపలి సరుకు సగం మారింది, సగం మారలేదు. ఫియట్ 1100 డి ఇక్కడ 1964లో డిలైట్ పేరుతో వచ్చింది, 1972లో ప్రీమియర్ ప్రెసిడెంట్ అయింది, 1974లో ప్రీమియర్ పద్మిని అయింది. అంబాసిడర్ అసలు తండ్రి ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. స్టాండర్డ్ హెరాల్డ్ తండ్రి ట్రయంఫ్ హెరాల్డ్. మన భాషలో చెప్పాలంటే ఇవన్నీ ఫోర్కులు. విదేశాల్లో అసలు ప్రాజెక్టు ఆగిపోయాక కూడా మనవాళ్ళు ఇక్కడ పాచ్‌లు వేసుకుంటూ నడిపారు. 2014లో ఉత్తర్‌పారాలో ఆగేదాకా అంబాసిడర్ అలా నడిచినదే. కాబట్టి "ఫియట్‌ది" అని అడిగితే సరిపోదు, ఏ ఫియట్, ఏ ఏడాది, ఏ దేశం అన్నవి చెప్పాలి. ఆర్సీలో ఉన్న సంవత్సరాన్ని కూడా గుడ్డిగా నమ్మొద్దు, అది రిజిస్ట్రేషన్ ఏడాది కావచ్చు. బండి మీదున్న ఛాసిస్ ప్లేటు చూడాలి.

ఇంకో తమాషా చెప్పనా. అంబాసిడర్‌ని చూస్తే ఎద్దులబండిలా ఉంటుంది, ఫియట్ చలాకీగా ఉంటుంది. కానీ అంబాసిడర్‌లో ఉన్నది ఈనాటి కార్లలో ఉండే రాక్ అండ్ పినియన్ స్టీరింగ్. ఫియట్‌లో ఉన్నది వార్మ్ గేరుతో నడిచే బాక్సు, దాని కింద డ్రాప్ ఆర్మ్, అవతలి వైపు ఐడ్లర్ ఆర్మ్, మధ్యలో లింకు, రెండు పక్కలా టై రాడ్లు. జాయింట్లు ఎక్కువ, కాబట్టి తప్పు దూరే చోట్లూ ఎక్కువే.

రెండోది, భాగాలని పాత పీసుతో కాదు, ఒకదానితో ఒకటి పోల్చాలి. ఫియట్ లాంటి లింకేజీలో డ్రాప్ ఆర్మ్, ఐడ్లర్ ఆర్మ్ కేంద్రం నుంచి కేంద్రానికి ఒకే పొడవు ఉండాలి, ఒకదానికొకటి సమాంతరంగా కదలాలి. మా బండిలో ఐడ్లర్ ఆర్మ్ 6 మిల్లీమీటర్లు ఎక్కువ. అప్పుడు మధ్య లింకు సమాంతరంగా కదలదు, బండి ఎడమకి తిరిగినట్టు కుడికి తిరగదు, ముందు టైర్లు ఒక అంచునే అరుగుతాయి. పెదనాన్న పుస్తకంలో 1984 తర్వాత ముందు టైర్లు మార్చిన లెక్కలు ఎందుకు దగ్గరదగ్గరగా ఉన్నాయో అప్పుడర్థమైంది. పాపం ఆయన రోడ్లని తిట్టుకుని ఉంటారు.

మూడోది, టేపర్. ఇదే నన్ను చంపబోయింది కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. బాల్ జాయింటు పిన్ను గొట్టంలా సమానంగా ఉండదు, ఒకవైపు సన్నబడుతుంది. అది కూచునే రంధ్రం కూడా అంతే వాలుతో సన్నబడాలి. ఎక్కువగా కనబడే వాలులు రెండు. 10 మిల్లీమీటర్ల పొడవుకి 1 మిల్లీమీటరు తగ్గేది ఒకటి, 8కి 1 తగ్గేది ఇంకొకటి. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి. మా కొత్త పిన్ను మొదటి రకం, ఆ తప్పు ఆర్మ్ రంధ్రం రెండో రకం. 16 మిల్లీమీటర్ల మందంలో ఈ తేడా 0.4 మిల్లీమీటర్లు అవుతుంది. అంతేగా అనుకోవద్దు. నట్టు బిగిస్తే గట్టిగా పట్టినట్టే ఉంటుంది. కానీ పట్టేది సన్నటి చివర ఒక్క ఉంగరమంత మేర. బంతి ఉన్న వైపు ఖాళీ. రోడ్డు మీద ప్రతి గుంతకీ పిన్ను ఆ ఖాళీలో ఊగుతుంది, రంధ్రాన్ని తొలుస్తుంది.

దీన్ని కనిపెట్టడం చాలా తేలిక, చాలా చవక. పిన్నుకి ప్రష్యన్ బ్లూ పల్చగా పూసి, రంధ్రంలో పెట్టి నొక్కి తియ్యాలి. రంధ్రం లోపల అంతటా నీలం అంటితే సరైనది. ఒక అంచున ఉంగరంలా మాత్రమే అంటితే, ఎంత "సేమ్ టు సేమ్" అయినా అది మన బండిది కాదు. చిన్న ట్యూబు కొంటే ఏళ్ళ తరబడి వస్తుంది. లోపల ఇత్తడి రేకు చుట్టి సర్దే పద్ధతి కూడా చూశాను. దయచేసి ఆ పని ఎవరినీ చెయ్యనివ్వకండి.

నాలుగోది, మరలు. ఫియట్‌వి మెట్రిక్, పాత ఇంగ్లీషు బండ్లవి అంగుళాలు. అంగుళాల్లో మళ్ళీ కులాలున్నాయి. 3/8 అంగుళం బోల్టుకి బీఎస్ఎఫ్ అయితే అంగుళానికి 20 మరలు, యూఎన్ఎఫ్ అయితే 24. వీటికన్నా ప్రమాదం, దగ్గరదగ్గరగా ఉండేవి. 7/16 అంగుళం యూఎన్ఎఫ్ బోల్టు మీదకి 12 మిల్లీమీటర్ల 1.25 పిచ్ నట్టు చక్కగా ఎక్కేస్తుంది. మరల దూరం దాదాపు ఒకటే, కానీ బోల్టు 11.1 మిల్లీమీటర్లే. మరలు అంచుల మీద మాత్రమే పట్టుకుంటాయి. గట్టిగా బిగిస్తే జారిపోతుంది, లేదా మీరు బిగించినప్పుడు జారకుండా రోడ్డు మీద జారుతుంది. థ్రెడ్ గేజీ ఒకటి, వెర్నియర్ ఒకటి కొనుక్కోండి. టై రాడ్లకి ఒక చివర మామూలు మర, ఇంకో చివర ఎడమ మర ఉంటుందని కూడా గుర్తుంచుకోండి, రాడ్డు తిప్పితే పొడవు సర్దుకోవడానికి అలా పెడతారు. రెండు చివరలకీ ఒకేరకం కొనుక్కొచ్చి మళ్ళీ షాపుకి పరుగెత్తినవాణ్ణి చెప్తున్నాను.

ఐదోది, పోత మీద ఉన్న నంబరు పార్ట్ నంబరు కాదు. నేను ఆ నంబరు పట్టుకుని ఎంత వెతికానో. పోత పోసిన అచ్చుకి ఒక నంబరుంటుంది. అదే పోతని రెండు రకాలుగా చెక్కి, రెండు వేర్వేరు భాగాలు తయారు చెయ్యొచ్చు. బేస్ క్లాస్ పేరు చూసి ఆబ్జెక్టు ఏమిటో తెలిసిపోయిందనుకోవడం లాంటిది.

ఆరోది, బాక్సు. వార్మ్ బాక్సులు నిటారుగా వెళ్ళే స్థానంలో అన్నిటికన్నా బిగుతుగా ఉండేట్టు చేస్తారు, రెండు చివర్లా కొంచెం వదులుగా ఉంటాయి. బండి జీవితమంతా ఎక్కువగా నిటారుగానే వెళ్తుంది కాబట్టి అరుగుదల కూడా మధ్యలోనే. పాత బాక్సు కొనేటప్పుడు మధ్యలో ప్లే ఉందని స్క్రూ బిగించి చూపిస్తారు. అప్పుడు ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పి చూడండి. చివర్లలో పట్టేస్తుంటే ఆ బాక్సు లోపల అరిగిపోయింది, స్క్రూ ఆ సంగతి దాస్తోంది. డ్రాప్ ఆర్మ్ విప్పేముందు షాఫ్టు మీదా ఆర్మ్ మీదా గీత గియ్యండి. 36 పళ్ళున్న షాఫ్టయితే ఒక్క పన్ను తప్పి వేసినా 10 డిగ్రీలు పోయినట్టే.

ఇంకా చిన్నవి. చక్రాన్ని జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకుని ఊపితే కదిలేది కింగ్ పిన్ను గానీ బేరింగు గానీ. ఎవరినైనా బ్రేకు తొక్కమనండి, ఊగడం ఆగిపోతే బేరింగు, ఆగకపోతే కింగ్ పిన్ను. పక్కలకి పట్టుకుని ఊపితే కదిలేది లింకేజీ. ఏది అరిగిందో తెలియకుండా పార్టులు కొనొద్దు. స్టీరింగ్ ఆర్మ్‌ని వేడి చేసి వంచడం, వెల్డింగ్ పెట్టడం ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోవద్దు. పాత ఆర్మ్ వాడేముందు డై పెనిట్రెంట్ టెస్టు చేయించండి. రంగు పూసి తుడిచి పౌడరు చల్లితే, కంటికి కనబడని పగులు ఎర్రగా తేలుతుంది. దానికయ్యే ఖర్చు నేను బంపరు ప్లేటింగుకి పెట్టినదాంట్లో మూలకి రాదు.

ఇప్పుడు నా అభిప్రాయానికొస్తాను.

మన ఊళ్ళో పాత బండ్ల మీద ప్రేమ పెరిగింది, సంతోషం. కానీ ఆ ప్రేమంతా పైపైనే ఉంది. షూటింగుకి అద్దెకిచ్చే బండి కెమెరాకి అందంగా కనబడితే చాలు, అది ఇరవై అడుగులు కదిలితే సీను ఐపోతుంది. చౌమహల్లా ప్యాలెస్‌లో పెట్టిన నిజాంగారి 1912 రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ మలుపులు తిరగక్కర్లేదు. కానీ మనం ఇంట్లోవాళ్ళని కూచోబెట్టుకుని రోడ్డెక్కించే బండి అలా కాదు. అందులో ఎయిర్ బ్యాగు లేదు. గుద్దుకుంటే ముడుచుకుపోయే స్టీరింగ్ కాలమ్ లేదు. అమెరికాలో అలాంటి కాలమ్ 1968 నుంచి తప్పనిసరి చేశారు, మా బండి 1965ది. ముందు నుంచి దెబ్బ తగిలితే ఆ కాలమ్ నేరుగా డ్రైవరు గుండెల వైపున్న ఇనప బల్లెం. అలాంటి బండిలో మనల్ని కాపాడేది గుద్దుకోకుండా ఉండటం ఒక్కటే.

చట్టం కూడా మనల్ని ఆదుకోదు. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాల నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్నవాటికి వీఏ సిరీస్ నంబరు, కొత్త రిజిస్ట్రేషనుకి 20,000 రూపాయల ఫీజు. అసలు రూపం అంటే ఏమిటి? ఛాసిస్, బాడీ, ఇంజను మార్చకూడదు అన్నారు. స్టీరింగ్ మాటే లేదు. మా బండి ఆ తప్పు ఆర్మ్‌తోనే "అసలు రూపం" అనిపించుకోగలదు!

కొందరు మిత్రులు అన్నారు, "ఇంత గోల ఎందుకు, మారుతి రాక్ తీసుకొచ్చి పెట్టేస్తే హాయిగా నడుస్తుంది కదా" అని. ఈ మాటని నేను తేలిగ్గా తీసిపారెయ్యను. అరిగిపోయిన అసలు సరుకు కంటే ఆలోచించి చేసిన మార్పు మేలు కావచ్చు. కానీ ఆ "ఆలోచించి" ఎవరు చేస్తున్నారు? రాక్ పొడవు, దాన్ని పెట్టే ఎత్తు సస్పెన్షన్‌తో లెక్క కుదరకపోతే గుంత ఎక్కినప్పుడల్లా చక్రాలు వాటంతట అవే పక్కకి తిరుగుతాయి. లెక్కలు వేసి, కాగితం మీద పెట్టి చేస్తే నాకు అభ్యంతరం లేదు. గ్యాస్ కటింగు, వెల్డింగు, "చలేగా" అయితే మాత్రం ఉంది. కంపైలయింది కదా అని ప్రొడక్షన్‌లోకి తోసేసేవాళ్ళని మనం ఆఫీసులో ఏమంటాం?

అలాగని "ఒరిజినల్" అన్న మాటకి మొక్కేవాణ్ణీ కాదు నేను. నలభై ఏళ్ళు డబ్బాలో ఉన్న కొత్త బాల్ జాయింటు కొత్తది కాదు. రబ్బరు ఎండిపోయి ఉంటుంది, గ్రీజు మైనంలా గడ్డకట్టి ఉంటుంది. ఒరిజినల్ అన్నా, లోకల్ అన్నా రెండూ మనం తూచాల్సిన సరుకే. నమ్మాల్సింది కొలతని.

చివరికి మాకు సరైన ఆర్మ్ దొరికింది. 2023 అక్టోబరులో ముంబయిలో పద్మిని టాక్సీల కథ ముగిసింది కదా, కుర్లా తుక్కు బజారులో వాటి భాగాలు ఇంకా దొరుకుతున్నాయని తెలిసిన ఒకాయన ద్వారా మూడు తెప్పించాను. ఈసారి పాత పీసు పట్టుకెళ్ళలేదు, కాగితం పంపాను. పొడవు, టేపర్, మర, పార్ట్స్ కేటలాగ్ ఫొటోకాపీలో బొమ్మ. అదీ చాలదని, సికిందరాబాదులో ఒక పెద్దమనిషి దగ్గర మొదట్నుంచీ ఒకే చేతిలో ఉన్న డిలైట్ ఉంటే, కిందకి దూరి కొలిచి వచ్చాను. మూడు ఆధారాలూ ఒకటే చెప్పాయి. వచ్చిన మూడు ఆర్మ్‌లలో ఒకదానికి పగులు తేలింది, ఒకటి వేరే బండిది, ఒకటి సరైనది. నీలం పూసి తీస్తే రంధ్రమంతా నీలం. ఉస్తాద్ వేలితో తడిమి, "ఇది కూచుంది సాబ్" అన్నాడు. ఆయన వేలూ, నా వెర్నియరూ ఒకే మాట చెప్పిన రోజు అదే మొదటిది.

పెద్దమ్మ గుడికి వెళ్ళొచ్చాం. రోడ్ నంబర్ 12 దిగేటప్పుడు నేను స్టీరింగ్ మీదే కళ్ళు పెట్టాను. పెద్దమ్మ కిటికీలోంచి చూస్తూ, "మీ పెదనాన్న ఇక్కడికి రాగానే ఈ బండి ఒకవైపుకే తిరుగుతుందే అని విసుక్కునేవారురా" అంది. నలభై ఏళ్ళ క్రితం బగ్ రిపోర్టు అది. యూజర్ సరిగ్గానే చెప్పాడు, వినేవాళ్ళే లేరు.

ఇంటికొచ్చాక ఆ నోటు పుస్తకంలో 1984 పేజీకి ఎదురుగా తేదీ వేసి, ఏం మార్చానో, కొలతలేమిటో, తెచ్చింది ఎక్కడినుంచో రాశాను. రేపు మావాడు ఈ బండి విప్పితే వాడికి పాత పీసు మీద ఆధారపడే ఖర్మ పట్టకూడదు.

మీ ఊళ్ళో, మీ తాతగారి ఇంట్లో, ఏ షెడ్డులోనో ఒక ఫియటో, అంబాసిడరో, జీపో ఉండే ఉంటుంది. బాగుచేయించాలని మీకూ ఉంటుంది. తప్పకుండా చేయించండి. కానీ రంగు డబ్బా తెరవకముందు ఒక్కసారి బండి కిందకి దూరి చూడండి. షాపువాడు "పాత పీస్ తెచ్చారా సార్?" అంటే, తెచ్చానని చెప్పి, పక్కనే కొలతల కాగితం కూడా పెట్టండి. రెండూ కలవకపోతే కాగితాన్ని నమ్మండి.